జబ్బు కోడిపిల్ల కూడా అమానతే





మన పల్లెల్లో అనేక పేద ఇళ్ళకు పెరటి కోళ్ళే ఆసరా. అయినా ఒక పిల్ల రెక్కలు వేలాడేసి మూలకు చేరితే, ‘పోతే పోనీ, దానికి ఖర్చెందుకు?’ అంటాము.

ఒక ప్రయాణంలో సహచరులు పిట్ట పిల్లలను పట్టుకోగా తల్లి పిట్ట తల్లడిల్లింది. పిల్లలను తల్లికి తిరిగి ఇచ్చివేయమని ప్రవక్త (స) ఆదేశించారు (అబూదావూద్). పిల్లిని బంధించి పస్తులుంచిన స్త్రీ శిక్షకు గురయింది (బుఖారీ). ఆ ప్రాణుల ధర ఎంతని అక్కడ ఎవరూ అడగలేదు.

సోదరులారా! కరుణకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ముందుగా జబ్బుపిల్లను వేరుచేయాలి. అట్టపెట్టెలో పొడి ఊక పరచి, ఒక పక్కన మాత్రమే, అట్టకు తగలకుండా, 60 వాట్ల బల్బు వేలాడదీయాలి. మొదటి వారం పిల్లకు 32 నుండి 35 డిగ్రీల వెచ్చదనం అవసరం. కరెంటు లేనప్పుడు వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పెట్టవచ్చు. నీటిలో ముక్కు కొనను తడిపి తాగడం నేర్పాలి, నోట్లో పోయరాదు. ఉడికించిన పచ్చసొన నలిపి కొద్దిగా పెట్టాలి. వెనుక రెట్ట ఎండి అంటుకుంటే గోరువెచ్చని తడిగుడ్డతో మెత్తబరచి తుడవాలి, లాగరాదు.

రెట్టలో రక్తం కనబడినా, మెడ వంకరపోయినా, ఒకేసారి పలు పిల్లలు జబ్బుపడినా ఆలస్యం చేయక ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్ళాలి. మనం వాడగా మిగిలిన మాత్రలు వేయరాదు. కొక్కెర వ్యాధికి మందు లేదు, టీకాయే రక్షణ.

మరొక పరీక్ష కూడా ఉంది. నష్టం తప్పించుకోవడానికి జబ్బును దాచి కోడిని సంతలో అమ్మాలనిపిస్తుంది. ధాన్యం కుప్ప అడుగున తడిని దాచిన వర్తకుణ్ణి ప్రవక్త (స) ఎంత తీవ్రంగా మందలించారో గుర్తుంచుకుందాము. ఆ సొమ్ముతో ఇంటికి తెచ్చిన బియ్యంలో బర్కత్ ఉంటుందా? చచ్చిన కోడి మాంసం హరామ్. దాన్ని కాలువలో విసరక లోతుగా పూడ్చి సున్నం చల్లాలి. పొరుగువాని కోళ్ళ క్షేమం కూడా మన బాధ్యతే.

ఇంత చేసినా పిల్ల దక్కకపోవచ్చు. ప్రయత్నం మన వంతు, స్వస్థత అల్లాహ్ చేతిలోనిది. రేపు ప్రళయదినాన మనల్ని అడిగేది పిల్ల బ్రతికిందా అని కాదు, మనం దయ చూపామా అని.

ఓ అల్లాహ్! మా హృదయాలలో నోరులేని జీవుల పట్ల దయను, మా సంపాదనలో నిజాయితీని ప్రసాదించు. ఆమీన్.