బండి ఆపుదాం, నోరు మాత్రం ఆపొద్దు

(ఒక మండల కేంద్రంలో జరిగిన ఆటో, ట్రాక్టరు డ్రైవర్ల సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



నన్ను ఒక్క ప్రశ్న మీద మాట్లాడమన్నారు. రోడ్డు మీద పోలీసు బండి ఆపి, చట్టం తనకివ్వని పనికి దిగితే డ్రైవరు లొంగాలా, ఎదురు తిరగాలా? పొద్దుట్నించి మీ మాటలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. పెద్దవాళ్ళు "ఒక వంద పారేసి ఇంటికి రారా, వాళ్ళతో మనకెందుకు" అంటున్నారు. కుర్రాళ్ళు "వాడు కాలరు పట్టుకుంటే మనమూ పట్టుకుందాం" అంటున్నారు. పెద్దల మాట వెనక స్టేషన్లో తిన్న దెబ్బలున్నాయి. కుర్రాళ్ళ మాట వెనక ఆ దెబ్బల్ని చూసిన కోపముంది. రెండూ నిజమే. కానీ రెండు దారుల్లోనూ చివరికి నష్టపోయేది మనమే. ఎందుకో చెప్తాను.

ముందు రోడ్డు సంగతి. ఈ దేశంలో రోడ్డు ఏనాడూ అందరిదీ కాలేదు. పెద్దకులాల వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన తాతలు మనకున్నారు. సైకిలెక్కి పోతుంటే దింపి కొట్టిన ఊళ్ళున్నాయి. 1929లో, అప్పటికే పై దేశాల్లో చదివి బారిస్టరైన బాబాసాహెబ్ అంబేద్కర్ చాలీస్‌గావ్ పోతే, అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలనని టాంగావాలా మొరాయించాడు. అక్కడి మహర్లు టాంగా అద్దెకు తెచ్చి తమలో ఒకడిచేత తోలించారు. అలవాటు లేనివాడు తోలేసరికి ప్రమాదం జరిగి, బాబాసాహెబ్ కిందపడి కాలు విరిగింది. ఆయన్ని ఎక్కించుకోనన్న టాంగావాలా కూలికి తోలుకునేవాడే. అయినా కులంలో తానే పెద్దననుకున్నాడు.

ఇవాళ మన పిల్లలు ఎస్సీ కార్పొరేషన్ లోనుతోనో, ఫైనాన్సు వడ్డీకో ఆటో కొన్నారు, ట్రాక్టరు తోలుతున్నారు. ఊరి పెద్దల పిల్లలు కూడా మన బండే ఎక్కుతున్నారు. ఇది కొందరికి కంట్లో నలుసైంది. పేట మలుపు దగ్గర చెకింగు పెడతారు. అదే దారిలో రాత్రంతా ఇసుక పోతున్నా ఎవరి బండి ఆపాలో, ఎవరిది ఆపకూడదో ఆపేవాడికి బాగా తెలుసు.

జరిగిన సంగతులు మూడు చెప్తాను.

2020 జూలై. కరోనా రోజులు. చీరాలలో ఒక దళిత యువకుడు స్నేహితుడితో మోటారు సైకిలు మీద పోతున్నాడు. మాస్కు లేదని పోలీసులు ఆపారు. కొద్ది రోజులకే గుంటూరు ఆసుపత్రిలో చనిపోయాడు. జీపులోంచి దూకాడని పోలీసులన్నారు. కొట్టబట్టే చచ్చిపోయాడని ఇంటివాళ్ళన్నారు. మాస్కు లేకపోతే అప్పట్లో జరిమానా రాసేవాళ్ళు. జరిమానాతో పోయేదానికి జీపెందుకు ఎక్కించాల్సొచ్చింది? 1985లో కారంచేడు బాధితులు ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి తలదాచుకున్న చీరాల ఇది.

అదే జూలైలో తూర్పు గోదావరి జిల్లా సీతానగరం. ఇసుక లారీ ఒక మోటారు సైకిలును గుద్దిందని స్థానికులు లారీని ఆపారు. ఆపినవాళ్ళలో ఒక దళిత యువకుణ్ణి స్టేషనుకు పిలిపించి, కొట్టి, తల, మీసాలు గొరిగించారు. లారీని అడిగినందుకు గుండు. తర్వాత గొడవ పెద్దదై, ఎస్సైని అరెస్టు చేసి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. ఎందుకు పెట్టారు? ఆ అబ్బాయి నోరు మూసుకుని ఇంట్లో కూచోలేదు కాబట్టి.

మూడోది 2021 అక్టోబరు, హైదరాబాదు. గంజాయి వెతుకుతున్నామని రోడ్డు మీద కుర్రాళ్ళని ఆపి, వాళ్ళ ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో మాటలు చదివారు పోలీసులు. ఇదేమిటని పత్రికలవాళ్ళడిగితే ఒక పోలీసు అధికారి చెప్పిన జవాబు, ఎవర్నీ బలవంతం చెయ్యట్లేదు, జనమే సహకరిస్తున్నారు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు అని. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు తీర్పు చెప్పిన దేశంలో ఇది జరిగింది. పెద్దలారా, "వంద పారేసి రా" అనే మీ మాటకు నా జవాబు ఇదే. మన మౌనాన్ని వాళ్ళు మన అంగీకారం కింద రాసుకుంటారు. ఇవాళ మీరిచ్చిన వంద రేపట్నించి ఆ రూటులో తిరిగే ప్రతి ఆటోకీ రేటవుతుంది.

మరి కుర్రాళ్ళు చెప్పినట్టు తిరగబడదామా? చట్టం ఏమంటుందో వినండి. పోలీసు విధికి అడ్డుపడ్డావంటే భారతీయ న్యాయ సంహిత 221 సెక్షను, మూడు నెలల దాకా జైలు. విధిలో ఉన్నవాడి మీద చెయ్యి వేశావంటే 132 సెక్షను, రెండేళ్ళ దాకా. "వాడు చేసింది తప్పు కదా, నన్ను నేను కాపాడుకున్నాను" అంటావా? 37వ సెక్షను అక్కడ అడ్డం నిలబడింది. ప్రభుత్వోద్యోగి తన ఉద్యోగం పేరుతో, సద్భావంతో చేసిన పని చట్టప్రకారం పూర్తిగా సరైంది కాకపోయినా, ఎదురుదెబ్బ తియ్యడానికి నీకు ఆత్మరక్షణ హక్కు లేదంటుంది. ప్రాణం పోతుందనో, ఒళ్ళు తీవ్రంగా గాయపడుతుందనో సహేతుకమైన భయం ఉంటే తప్ప. పాత శిక్షాస్మృతిలో 99వ సెక్షనిదే. 2024 జూలై 1న చట్టాలు మారాయిగానీ ఈ మాట మారలేదు. పైగా కొత్తగా వచ్చిన నాగరిక సురక్షా సంహిత 172 సెక్షను ప్రకారం, నేరం జరక్కుండా ఆపే పనిలో పోలీసు ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించనివాణ్ణి పట్టుకెళ్ళి ఉంచొచ్చు. చట్టబద్ధమా కాదా అన్నది రోడ్డు మీద తేల్చేదెవరు? లాఠీ ఉన్నవాడే.

తమ్ముళ్ళూ, మీ ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యట్లేదు. అతను కొట్టిన పది దెబ్బలు ఏ కాయితంలోనూ ఉండవు. నువ్వు తోసిన ఒక్క తోపు ఎఫ్ఐఆర్‌లో మొదటి వాక్యమవుతుంది. రాత్రిపూట, ఒంటరిగా, సాక్షి లేని చోట పోట్లాట పెట్టుకుంటే అది వాళ్ళకు అనువైన చోటు. మనకు అనువైన చోటు పగలు, పదిమందిలో, కాయితం మీద.

అందుకని నా మాట ఇది. చట్టం అడగమన్నదాన్ని అడిగితే మర్యాదగా చెయ్యాలి. చట్టం దాటి అడిగితే చేతులు కదపకుండా నోటితో కాదనాలి. అయినా బలవంతంగా చేస్తే, చెయ్యి ఎత్తకుండా అన్నీ గుర్తుపెట్టుకుని, మర్నాటి నుంచి వదలకుండా వెంటపడాలి.

చట్టం ఏం అడగమంది? మోటారు వాహనాల చట్టం 130 సెక్షను ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించాలి. మిగతా కాయితాలూ అడగొచ్చు. డిజిలాకర్‌లోనో, ఎమ్‌పరివాహన్‌లోనో ఉన్నవి చూపించినా చెల్లుతాయని 2018లోనే నిబంధన మార్చారు. తాగావన్న అనుమానముంటే ఊదమంటారు, ఊదాలి. రిజిస్ట్రేషనో, పర్మిటో, లైసెన్సో లేకపోతే 207 సెక్షను కింద బండి పట్టుకెళ్ళొచ్చు. లైసెన్సు స్వాధీనం చేసుకుంటే 206 ప్రకారం రసీదివ్వాలి. 

ఏం చెయ్యకూడదు? బండి తాళం లాక్కోమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. టైరులో గాలి తియ్యమని లేదు. ఫోను తెరిచి చదవమని లేదు. చలానా లేకుండా డబ్బు తీసుకుంటే అది లంచం. చెంప మీద కొట్టమని, గుంజీళ్ళు తీయించమని ఏ చట్టమూ చెప్పలేదు. ఇక "ఏ కులంరా నీది" అని అడిగి, కులం పేరుతో తిట్టాడనుకోండి. నలుగురూ చూసే రోడ్డు మీద ఆ తిట్టు తిడితే 1989 చట్టం 3వ సెక్షను కింద నేరం, ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా శిక్ష. తిట్టినవాడు ప్రభుత్వోద్యోగి అయితే ఏడాదికి తగ్గకూడదు. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గనివాడు చెయ్యాలి. ముందుగా విచారణ చేసి చూస్తాం అనడానికి వీల్లేదని 2018లో 18ఏ సెక్షను తెచ్చారు, సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో దాన్ని నిలబెట్టింది. ఒకటి గుర్తుంచుకోండి. తిట్టినవాడు ఎస్సీయో ఎస్టీయో అయితే ఈ చట్టం వర్తించదు. మనవాడు కొట్టినా దెబ్బ దెబ్బే, దానికి మామూలు కేసు పెట్టాలి. యూనిఫాం వేసుకున్నాడని మనవాణ్ణి వెనకేసుకు రావద్దు.

ఇప్పుడు ఆపినప్పుడు చెయ్యాల్సిన పని చెప్తాను.

ఒకటి. బండి పక్కకు తీసి ఇంజను ఆపండి. పారిపోవద్దు. పారిపోతే వెంటపడతారు, ఆ కంగారులో ప్రాణాలు పోతాయి. పారిపోయాడంటే తప్పు చేశాడని ఊరు కూడా నమ్ముతుంది.

రెండు. "సార్, ఏ సెక్షను కింద సార్? చలానా రాయండి సార్" అని అడగండి. సార్ అన్నందుకు మనం చిన్నవాళ్ళం కాము. చలానా అడిగితే చాలాసార్లు మామూలు అడిగేవాడు చల్లబడతాడు, ఎందుకంటే చలానా డబ్బు సర్కారుకు పోతుంది.

మూడు. ఛాతీ మీది పేరు, బెల్టు నెంబరు, జీపు నెంబరు, టైము గుర్తుపెట్టుకోండి. వీడియో తీసేటప్పుడు మొహం మీద ఫోను పెట్టొద్దు. దూరాన్నించి ఇంకొకళ్ళు తియ్యాలి. ఆటోలో ప్రయాణికులుంటే వాళ్ళే సాక్షులు, పేరు, ఊరు అడిగి ఉంచుకోండి.

నాలుగు. స్టేషనుకు రమ్మంటే "అరెస్టా సార్, ఎందుకు" అని అడగండి. అరెస్టయితే కారణం చెప్పాలి, మెమో రాసి సాక్షి సంతకం పెట్టించాలి, ఇంటికి కబురు పంపాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటలివి, ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. కబురు అందగానే ఇంటి ఆడవాళ్ళు, పేట ఆడవాళ్ళు పదిమంది స్టేషనుకు పోవాలి. అరవక్కర్లేదు. గేటు దగ్గర కూచుని "మా మనిషిని చూపించండి" అంటే చాలు. బయట మనుషులున్నారని తెలిస్తే లోపల చెయ్యి వెనక్కి తగ్గుతుంది.

అయిదు. కొడితే అదే రాత్రి ప్రభుత్వాసుపత్రికి పోయి, పోలీసు కొట్టాడని డాక్టరుతో రాయించండి. ఇంట్లో కాపడం పెట్టుకుని పడుకుంటే సాక్ష్యం వాపుతోపాటే దిగిపోతుంది. మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్ళేముందు "కొట్టలేదని చెప్పు, బెయిలొస్తుంది" అంటారు. చెప్పొద్దు. అక్కడ అన్నమాటే కాయితంలో నిలిచిపోతుంది.

ఆరు. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపండి, రసీదు దాచండి. అదీ పని చెయ్యకపోతే మేజిస్ట్రేటు కోర్టు. ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టి, రికార్డు కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజు రికార్డు భద్రపరచాలని ఫిర్యాదులోనే రాయండి. కాపీ ఎస్సీ కమిషనుకూ, మానవ హక్కుల కమిషనుకూ పంపండి.

ఇదంతా ఒక్కడివల్ల అవుతుందా? కాదు. రోజు కూలి పోగొట్టుకుని, ఫైనాన్సు వాయిదా నెత్తిన పెట్టుకుని ఒక డ్రైవరు ఎస్సై మీద ఎన్నాళ్ళు తిరుగుతాడు? తర్వాత రోజూ అదే రోడ్డులో అదే ఎస్సై ముందునుంచి బండి తోలాలి కదా. ఆ భయం తెలీకుండా ధైర్యం చెప్పేవాళ్ళ మాట వినొద్దు. అందుకే ఫిర్యాదు మనిషి పేరుతో ఉన్నా, వెనక స్టాండు మొత్తం నిలబడాలి. కోర్టు వాయిదా రోజున అతని కూలి సంఘం ఇవ్వాలి. అతని బండిని కక్షగట్టి ఆపుతుంటే ఆ తేదీలు రాసిపెట్టాలి. నెలలో పదిసార్లు ఒకే బండి ఆగిందంటే ఆ లెక్కే సాక్ష్యం.

ఇంకో చేదుమాట. మన బళ్ళలో ఎన్నింటికి లైసెన్సు, ఇన్సూరెన్సు ఉన్నాయి? పదహారేళ్ళ పిల్లాడికి ట్రాక్టరు ఎవరిస్తున్నారు? ముగ్గురెక్కాల్సిన ఆటోలో పన్నెండుమంది కూలి ఆడవాళ్ళని ఎక్కించుకుని, మలుపులో బోల్తా కొడితే చచ్చేదెవరు? మనవాళ్ళే. బస్సు రాని ఊళ్ళో గతిలేక ఎక్కుతారని నాకూ తెలుసు, ఆ బస్సు కోసం కూడా పోట్లాడదాం. కానీ కాయితం లేనివాడు చలానా అడగలేడు. వాళ్ళ బలం సగం లాఠీలో ఉంటే, మిగతా సగం మన జేబులో లేని లైసెన్సులో ఉంది.

కాబట్టి ఈ సభ మూడు పనులు ఒప్పుకోవాలని అడుగుతున్నాను. నెలాఖరులోగా లైసెన్సు లేనివాళ్ళ జాబితా రాసి, అందర్నీ కలిపి ఆర్టీఓ ఆఫీసుకు తీసుకెళ్దాం, బ్రోకరు లేకుండా. ప్రతి స్టాండులో ఒక నోటుబుక్కు పెట్టి, బండి ఆపిన ప్రతిసారీ తేదీ, టైము, అడిగిన డబ్బు రాద్దాం. ప్రతి పేటలో చదువుకున్న ఇద్దరి ఫోను నెంబర్లు, అందులో ఒకరు ఆడమనిషి, ప్రతి ఆటో అద్దం పక్కన అంటిద్దాం. నోటుబుక్కు ఖర్చు నలభై రూపాయలు. ఒక్కరోజు మామూలు కంటే తక్కువే.

ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి. ఎత్తినవాళ్ళ పేర్లు ఇప్పుడే రాసుకుందాం.

జై భీమ్!