మోటారుబండి ఇరుసునకు నూనె మార్చుట



ఈ సాయంకాలము నేను ముచ్చటింపనెంచిన విషయము విని, "తెలుగు పండితునికి మోటారుబండి యిరుసుతో నేమి పని?" యని కొందఱనుకొనవచ్చును. పని కలదు. రాజాము చుట్టుపట్ల గ్రామములలో నేడు ధాన్యమును, మొక్కజొన్నలను, గోగునారను, కూరగాయలను మోయుచున్నది చాలవఱకు ఎడ్లబండి కాదు. పికప్ అని పిలువబడు చిన్న మోటారుబండి. 2005లో టాటావారి ఏస్ బండి వచ్చిన పిమ్మట ఇట్టి చిన్న వాహనములు ఊరూర విస్తరించినవి. వానిని కొనువారు మన కుమారులు, మేనల్లుళ్లు. అప్పుపత్రముపై హామీ సంతకము చేయువారము మనము. సంతకము చేసినవానికి ఆ బండి క్రింద నేమి జరుగుచున్నదో కొంత తెలిసియుండవలదా?

ఎడ్లబండిని గూర్చి మీకు నేను చెప్పవలసినది లేదు. గడ్డి కాల్చిన మసిని ఆముదముతో నూఱి, ఆ కందెనను వెదురుగొట్టములో నుంచి బండికి వ్రేలాడగట్టుకొని ప్రయాణము చేసినవారు ఈ శ్రోతలలో నింకను కలరు. కడచీల తీసి, చక్రము నొకింత యివతలకు లాగి, ఇరుసునకు కందెన పూయుట పదేండ్ల పిల్లవానికిని తెలిసిన పని. అమరసింహుడు తన నిఘంటువులో క్షత్రియవర్గమున రథచక్రమును వర్ణించుచు నేమికి, నాభికి, చివర చీలకు వేర్వేఱు పేరులు చెప్పినాడు. చరకసంహిత సూత్రస్థానము ఐదవ అధ్యాయమున, నూనె పూయుటచే ఇరుసు దృఢమై శ్రమకోర్చునట్లు అభ్యంగనముచే శరీరము దృఢమగునని దృష్టాంతము చెప్పబడినది. వైద్యుడు దేహమును గూర్చి చెప్పుచు బండియిరుసును సాక్ష్యము తెచ్చుకొనెననిన, ఆ కాలమున కందెన యెంత సర్వజనవిదితమో ఊహింపుడు. సంస్కృతమున స్నేహమనగా నూనెయు నగును, చెలిమియు నగును.

అయితే ఎడ్లబండికిని మోటారుబండికిని ఒక భేదము కలదు. ఎడ్లబండి కందెన యెండినచో కిఱ్ఱుమని ఊరంతకు చాటును. మోటారుబండి వెనుక ఇరుసు ఇనుపపెట్టెలో మూయబడియుండి, లోపల నూనె యున్నదో లేదో బయటివారికి తెలియనీయదు.

ఆ పెట్టెలో నేమున్నదో వినుడు. వెనుక రెండు చక్రముల నడుమ కుండవలె ఉబ్బినదొకటి కనబడును. ఇంజనునుండి వచ్చు పొడుగాటి కడ్డీ అందులో ప్రవేశించును. కడ్డీ కొనకు పినియన్ అను చిన్న పండ్లచక్రము, దానికి అడ్డముగా క్రౌన్ అను పెద్ద పండ్లచక్రము నుండును. చిన్నది నాలుగైదు చుట్లు తిరిగిన గాని పెద్దది ఒక చుట్టు తిరుగదు. వేగము తగ్గి బలము హెచ్చును. అందుచేతనే డ్రైవర్లు దీనిలోని నూనెను క్రౌన్ ఆయిలని పిలుతురు. క్రౌనుతోపాటు తిరుగు చిన్న పండ్లచక్రముల కూటమికి డిఫరెన్షియల్ అని పేరు.

అది యెందుకని యడుగుదురేని, కళ్లమును తలచుకొనుడు. నూర్పునాడు ఎడ్లను వరుసగా బంతికట్టి రాటచుట్టు తోలునప్పుడు, రాటకు దగ్గఱి యెద్దు నిలిచినచోటనే నిలిచినట్లు మెల్లగ అడుగు వేయును. చివర యెద్దు పరుగుపరుగున నడువవలయును. రెండును ఒకే కొలత అడుగులు వేసినచో బంతి తెగును. మలుపు తిరుగు బండి చక్రములును అంతే: లోపలి చక్రము తక్కువ దూరము, వెలుపలి చక్రము ఎక్కువ దూరము పోవలయును. ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని ఇరుసు తిరుగదు, చక్రములు వేనికవి తిరుగును. మోటారుబండిలో ఇంజను బలము రెండు చక్రములకు పంచవలసియున్నది గనుక ఈ యంత్రము కావలసివచ్చినది. దీనిని ఆవిరిబండికై కల్పించినవాడు పెకర్ అను ఫ్రెంచి గడియారపు పనివాడు. కాలము 1827 ప్రాంతము.

ఇక నూనె సంగతి. నేటి బండ్లలో పెక్కింట పినియను క్రౌను నడిమికి సూటిగా గాక కొంచెము క్రిందుగా నుండును. అట్లమర్చుటచే బలము హెచ్చును గాని, పండ్లు ఒకదానిపై నొకటి దొరలుటేగాక, గంధపుచెక్క సానపై రాచుకొన్నట్లు రాచుకొనును. ఆ యొత్తిడికి సామాన్యమైన నూనె పొర చితికి తొలగిపోవును. కావున ఈ నూనెలో గంధకమును భాస్వరమును గల ద్రవ్యములు కలుపుదురు. అవి వేడికి ఉక్కుతో కలిసి పలుచని పొరయై పండ్లను కాపాడును. క్రౌన్ ఆయిల్ డబ్బా మూత తీయగానే వచ్చు ఘాటు వాసన ఆ గంధకమునదే. డబ్బాపై 80డబ్ల్యూ–90 అనియో, 90 అనియో చిక్కదనపు సంఖ్య యుండును, దానితోపాటు జీ.ఎల్. 5 అను గుర్తును చూడవలయును. సంఖ్య యొక్కటే చూచి కొనుట సరికాదు. గేరుపెట్టెకు పోయు నూనె తఱచుగా వేఱు. దీనిది దానికి, దానిది దీనికి పోయరాదు. బండితో నిచ్చిన పుస్తకము ఏది చెప్పిన నదియే ప్రమాణము.

మా వీధిలోని యొక యువకుడు ఆరేండ్ల క్రిందట పికప్పును వాయిదాలపై కొనెను. మూడవయేట బండి వేగమందుకొనగానే వెనుకనుండి తుమ్మెద రొదవంటి శబ్దము వినవచ్చుచుండెను. కాలు తీసినచో రొద స్వరము మాఱెడిది. నేనా బండిలో నొకసారి కూర్చుండి యా మాట యనగా, అతడు పాట శబ్దము హెచ్చించి, "ఏటి మేష్టారూ, కనపడని సోట నూని ఎవుడు సూత్తాడు?" అని నవ్వెను. పుష్యమాసమున ధాన్యపుబస్తాలతో పాలకొండ త్రోవను పోవుచుండగా వెనుక చక్రములు తటాలున బిగిసికొనిపోయెను. బస్తాలపై ఇద్దఱు కూలీలు కూర్చుండియుండిరి. వేగము లేకపోవుటచే ప్రాణములు దక్కినవి. ఒకనికి చేయి విఱిగినది. మెకానిక్కు పెట్టె విప్పి చూడగా, లోపల అడుగున తారువలె నల్లని ముద్ద కొంచెము మిగిలియున్నది. క్రౌను పండ్లు కొన్ని ఊడియున్నవి. ఇరుసు చివరనుండు రబ్బరు సీలునుండి నూనె నెలల తరబడి కారిపోయినది. కారిన నూనె బ్రేకుపట్టీలను తడిపినది. ఈ రెండవది మొదటిదానికంటె భయంకరము. నూనె త్రాగిన బ్రేకు పట్టదు. చక్రము లోపలివైపు నూనెమరక కనబడిన బండిని, పిల్లలను ఎక్కించుకొని పోనీయకుడు.

నూనె మార్చు విధానము కష్టమైనది కాదు, క్రమము తప్పరాదు. ముందు బండిని నాలుగైదు మైళ్లు నడిపి తేవలయును. వెచ్చబడిన నూనె మడ్డితోసహా దిగును. బండిని సమతలమున నిలిపి, చేతిబ్రేకు వేసి, ముందు చక్రములకు రాళ్లు అడ్డము పెట్టవలయును. పైకెత్తవలసివచ్చిన, కేవలము జాకీని నమ్మి క్రింద దూరరాదు. గట్టి ఆధారములపై, ముందువెనుకలు సమముగా నుండునట్లు నిలుపవలయును. పెట్టెకు రెండు ప్లగ్గులుండును: ప్రక్కన కొంత యెత్తున నింపుటకొకటి, అడుగున దింపుటకొకటి. కొన్ని బండ్లకు అడుగుది యుండదు. వానికి మూతరేకు విప్పవలయును, అది మెకానిక్కు పని.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినుడు. ముందుగా విప్పవలసినది పై ప్లగ్గు. తొందరపాటున అడుగుది విప్పి పాతనూనె నంతయు దింపి, పిమ్మట తుప్పుపట్టిన పై ప్లగ్గు ఊడిరాక, ఖాళీ ఇరుసుతో బండిని నడిబజారున నిలిపికొన్నవారు కలరు. నింపుదారి తెఱచుకొన్న పిమ్మటనే దింపుదారి తెఱువవలయును. విప్పుటకు ముందు చుట్టునుండు మట్టిని ఇనుపకుంచెతో గీకి తుడువవలయును. లేనిచో ఆ యిసుక లోనికి పోవును.

దిగిన నూనెను పళ్లెములో పట్టి వెలుతురున చూడుడు. నల్లబడియుండుట సహజము. ప్లగ్గుకు అయస్కాంతమున్నచో దానిపై కాటుకవంటి మెత్తని పొడి యుండును. భయము లేదు, తుడిచివేయుడు. గోరంత లోహపుముక్క దొరకినచో అది పంటి తునక, బండిని కట్టివేయవలయును. నూనె మజ్జిగవలె తెల్లబాఱినచో నీరు చేరినదన్నమాట. పిమ్మట క్రొత్త వాషరుతో అడుగు ప్లగ్గును బిగించి, పై రంధ్రముగుండ క్రొత్తనూనెను మెల్లగ పోయవలయును. రంధ్రపు అంచునకు వచ్చి కాఱనారంభించినప్పుడు చాలించి, కాఱుట నిలిచిన పిమ్మట మూయవలయును. ఎక్కువ పోసిన నురుగుకట్టి సీళ్లగుండ బయటబడును.

నీటిమాట వచ్చినది గనుక చెప్పెదను. ఇరుసుపెట్టెకు ఊపిరి తీయు చిన్నగొట్టమొకటి కలదు. కాగిన ఇరుసు చన్నీటిలో మునిగినప్పుడు, లోపలి గాలి సంకోచించి ఆ గొట్టముగుండను, సీళ్లగుండను నీటిని లోనికి పీల్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు మన ప్రాంతమును ముంచినవి. అట్టి దినములలో నీట నిలిచిన బండికి కిలోమీటర్ల లెక్క చూడరాదు, వెంటనే నూనె మార్పింపవలయును. వాగులలో దింపి బండ్లు కడుగు అలవాటునకును ఇదియే అభ్యంతరము. తాండ్ర పాపారాయని పేరుతో 1757 నాటి బొబ్బిలి యుద్ధకథలో వినవచ్చు మా రాజాము, 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళము జిల్లానుండి విజయనగరము జిల్లాకు మాఱినది. గతుకులు మాత్రము మాఱలేదు. గతుకులలో, బరువులతో తిరుగు బండికి పుస్తకమున వ్రాసిన గడువుకంటె ముందే మార్చుట మేలు.

పాతనూనెను చెఱువుగట్టున గాని, కాలువలో గాని పారబోయనీయకుడు. మూతగల డబ్బాలో పోయించి, పాతనూనె సేకరించువారికి ఇప్పింపుడు. మార్చిన తేదీని, ఆనాటి కిలోమీటర్ల సంఖ్యను బండి తలుపు లోపలివైపున సుద్దతో గాక రంగుతో వ్రాయింపుడు. మఱునాడుదయము బండి నిలిచినచోట నేలపై చుక్కలేమైన పడినవేమో మీరే వంగి చూడుడు.