పాత కారు – కొత్త ఇగ్నిషన్

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగం)

 

స్వర్ణోత్సవ సభలో కారు ఇంజిన్ గురించి మాట్లాడటం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ముప్పై ఏళ్లు ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు నేర్పినవాణ్ణి, నాకు తెలిసింది అదే. పైగా ఈ రెండేళ్లలో మన వాళ్లే అయిదారుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. నాన్నగారి అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంది. అమ్మడానికి మనసొప్పదు, రోడ్డెక్కించడానికి ధైర్యం చాలదు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించమని ఒకరు చెబుతారు. అలా చేస్తే పాత కారు విలువ పోతుందని మరొకరు అంటారు. ఏం చెయ్యాలి? అందరికీ కలిపి ఇవాళ జవాబు చెబుతాను.

ముందు పాయింట్లు చేసే పని చూద్దాం. పదో తరగతిలో మన మాస్టారు విద్యుదయస్కాంత ప్రేరణ చెప్పారు. తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టాడు. కారులోని ఇగ్నిషన్ కాయిల్ ఆ పాఠమే. అందులో రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి కొన్ని వందల చుట్లది, రెండోది సన్నటి తీగతో వేల చుట్లది. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు బ్యాటరీ కరెంటు మొదటి చుట్టలో పారి అయస్కాంత క్షేత్రం తయారవుతుంది. పాయింట్లు విడిపోగానే ఆ క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. 12 వోల్టులతో మొదలైనది రెండో చుట్టలో పదిహేను, ఇరవై వేల వోల్టులవుతుంది. దాన్ని రోటరు తిరుగుతూ 1-3-4-2 వరసలో ఒక్కో ప్లగ్గుకు పంచుతుంది.

బ్యాటరీతో నడిచే ఈ పద్ధతిని కార్లకు కుదిర్చినవాడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. 1912 కాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టరు ఇచ్చినదీ ఆయనే. ఆయన సంస్థ డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ, పొట్టిగా డెల్కో. లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటరును కూడా మన మేస్త్రీలు ‘డెల్కో’ అనే పిలవడం వెనుక ఉన్న కథ ఇదే.

పద్ధతి మంచిదే, అరిగిపోవడమే దాని కష్టం. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే పాయింట్లు సెకనుకు 100 సార్లు విడిపోవాలి. గంట ప్రయాణానికి 3,60,000 సార్లు! అంబాసిడర్‌లో వాటి మధ్య ఉండాల్సిన సందు 14 నుంచి 16 థౌ, అంటే సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. కామ్ మీద రాసుకునే ఫైబరు మడమ అరిగేకొద్దీ ఆ సందు తగ్గుతుంది. సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, టైమింగ్ వెనక్కి పోతుంది. పికప్ తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. పాయింట్ల మొహాల మీద ఒకవైపు గుంట, ఇంకోవైపు బొడిపె కడతాయి. అందుకే అయిదారు వేల కిలోమీటర్లకోసారి మేస్త్రీ ఎమరీ పేపరు, ఫీలర్ గేజ్ తీసుకుని కూర్చునేవాడు.

ఎలక్ట్రానిక్ కిట్టు మార్చేది ఈ ఒక్క చోటునే. కామ్ మీద చిన్న అయస్కాంతాల రింగు తొడుగుతారు. పాయింట్లు ఉన్నచోట ఒక సెన్సారు బిగిస్తారు. అయస్కాంతం ఎదురుగా వచ్చినప్పుడల్లా సెన్సారు గుర్తిస్తుంది, లోపలి ట్రాన్సిస్టరు కాయిల్ కరెంటును తెంచుతుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన హాల్ ప్రభావమే చాలా కిట్లకు ఆధారం. ఏదీ దేన్నీ తాకదు గనక సందు మారదు. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1973 మోడళ్లకే తన కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఇచ్చింది. కాబట్టి ఇది నిన్నా మొన్నా వచ్చిన వింత కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దీనితో గుర్రపు బలం పెరుగుతుందని ఆశపడకండి. పాయింట్లు సరిగ్గా సరిచేసిన రోజున కారు ఎలా నడుస్తుందో, కిట్టు పెట్టాక కూడా ఇంచుమించు అలాగే నడుస్తుంది. తేడా ఏమిటంటే, ఆ నడక వేల కిలోమీటర్ల తర్వాత కూడా అలాగే నిలుస్తుంది.

మన సహపాఠి ఒకరి అంబాసిడర్ మిస్సింగ్ కొడుతోందని, వెంటనే కిట్టు పెట్టించాలని పట్టుబట్టాడు. ముందు చూద్దాం రారా అన్నాను. డిస్ట్రిబ్యూటరు మూత లోపల సన్నటి పగులు ఉంది. ఒక ప్లగ్ వైరు ఎండిపోయి పెళుసుబారింది. షాఫ్టు బుష్షు అరిగి షాఫ్టు అటూ ఇటూ ఊగుతోంది. మూత, వైర్లు మార్చి, కొత్త బుష్షు వేయించేసరికి పాత పాయింట్లతోనే బండి నిలకడగా నడిచింది. కిట్టు ఆ తర్వాత నెలకు పెట్టాం. ముందే పెట్టి ఉంటే మిస్సింగ్ అలాగే ఉండేది, నింద కిట్టు మీద పడేది. టైమింగును ముందుకు జరిపే బరువులు, స్ప్రింగులు, వాక్యూమ్ డబ్బా కూడా కిట్టు కిందనే ఉంటాయి, అవి మారవు. అవి బిగుసుకుపోతే కిట్టు ఏమీ చెయ్యలేదు.

పెట్టించేటప్పుడు అయిదు జాగ్రత్తలు.

ఒకటి, మీ కారుది నెగెటివ్ ఎర్తా, పాజిటివ్ ఎర్తా చూసుకోండి. బ్రిటిష్ డిజైనుల పాత కార్లలో పాజిటివ్ ఎర్త్ ఉన్నవి ఉన్నాయి. వైర్లు తారుమారైతే కిట్టు క్షణంలో కాలిపోతుంది.

రెండు, కాయిల్ రెసిస్టెన్సు మీటరుతో కొలవండి. నాలుగు సిలిండర్లకు 3 ఓములకు తక్కువ కాని కాయిల్ కావాలని చాలా కిట్ల కాగితంలో ఉంటుంది. మీ కిట్టు కాగితం ఏం చెబితే అదే పాటించండి.

మూడు, ప్లగ్ వైర్లలో లోపల రాగి తీగ ఉన్నవి తీసేసి కార్బను రకం వెయ్యండి. రాగి వైర్ల నుంచి వచ్చే విద్యుత్ అలజడి సెన్సారును తికమక పెడుతుంది.

నాలుగు, బిగించాక టైమింగ్ లైటుతో టైమింగ్ మళ్లీ పెట్టాలి. పాత గుర్తు మీద వదిలేస్తే కుదరదు.

అయిదు, ఇంజిన్ ఆగి ఉండగా పాటలు వినడానికి తాళం ఆన్‌లో వదలకండి. కాయిల్, కిట్టు రెండూ వేడెక్కి పాడవచ్చు.

ఇక విలువ సంగతి. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనం వింటేజ్ వాహనం. చాసిస్, బాడీ, ఇంజినులలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మన సంఘానికీ యాభయ్యేళ్లే గనక మనలో కొందరి ఇళ్లలోని బళ్లు ఆ గౌరవానికి దగ్గర్లో ఉన్నాయి. అయితే వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ వాడకానికి తిప్పకూడదు. అందువల్ల మీకు ఏది కావాలో ముందు తేల్చుకోండి. ప్రదర్శనకు పెట్టే బండి అయితే పాయింట్లు అలాగే ఉంచండి. పిల్లలు పండక్కి ఊరికి నడుపుకుంటూ రావాలంటే కిట్టు పెట్టించండి. కిట్టు మూత కింద దాగి ఉంటుంది, ఎక్కడా రంధ్రం వెయ్యక్కర్లేదు, కావాలంటే అరగంటలో పాయింట్లు తిరిగి బిగించవచ్చు.

అందుకే తీసిన పాయింట్లు, కండెన్సరు పారెయ్యొద్దు. పాయింట్లు పాడైతే చెప్పి పాడవుతాయి, కిట్టు ఉన్నట్టుండి పోతుంది. దాన్ని రోడ్డు మీద బాగుచేసేవారు ఉండరు. ఒక గుడ్డసంచిలో పాయింట్లు, కండెన్సరు, స్క్రూడ్రైవరు, ఫీలర్ గేజ్ వేసి డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టండి.

ఆ సంచి ఉంటే చాలదు, వాడటం తెలిసిన చెయ్యి కావాలి. గేజ్ లేకపోయినా పోస్టుకార్డు ముక్క అడ్డుపెట్టి, ఇంజిన్ శబ్దం విని టైమింగ్ పెట్టే మేస్త్రీలు మన ఊళ్లో ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు. వాళ్ల పిల్లలు ఆ పనిలోకి రాలేదు. కిట్టు పెట్టించే ముందు ఒక ఆదివారం ఆ మేస్త్రీని ఇంటికి పిలవండి. మీ అబ్బాయినో, అమ్మాయినో పక్కన కూర్చోబెట్టి పాయింట్లు ఎలా పెట్టాలో ఒక్కసారి చేయించండి. ఆయన కూలి ఆయనకు ఇవ్వండి, ఒక పూట భోజనం పెట్టండి.

గురువులకు ఒక విన్నపం. కోసి లోపలి భాగాలు కనిపించేలా చేసిన డిస్ట్రిబ్యూటరు, కాయిల్, పాయింట్ల సెట్టు, ఒక ఎలక్ట్రానిక్ కిట్టు చెక్క బల్ల మీద బిగించి తెచ్చాను. సైన్సు ల్యాబుకు ఇస్తున్నాను. విద్యుదయస్కాంతత్వం పాఠం వచ్చినప్పుడు పిల్లల చేత చేత్తో తిప్పించండి. కరెంటు కలిపేటప్పుడు మాత్రం టీచరుగారు దగ్గర ఉండాలి. వచ్చేది వేల వోల్టులు!