మోతిహారి కోర్టును మన ఊళ్లో ఆడదాం

(సంఘం కళాబృందాల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగం)



ఈసారి నాటకంగా ఆడటానికి 1917 నాటి మోతిహారి కేసు తీసుకుందామని నా ప్రతిపాదన. గాంధీగారి కథ తెలిసిందే కదా అంటారేమో. నేను చెప్పేది రైతుల కథ.

బీహార్‌లో చంపారన్ జిల్లా. అక్కడి రైతు 20 పాళ్ల పొలంలో 3 పాళ్లు నీలిమందు వేసి తీరాలి. దాన్ని తీన్‌కఠియా అనేవారు. జర్మనీ కృత్రిమ రంగు దెబ్బకు నీలిమందు గిట్టుబాటు కాకుండా పోయాక తెల్లదొరలు ఏం చేశారు? నీలి సాగు నుంచి వదిలేస్తామంటూ కొందరికి శిస్తు పెంచారు, కొందరి దగ్గర ఒకేసారి రొక్కం గుంజారు. మార్కెట్ నష్టం తెచ్చి రైతు నెత్తిన పెట్టారు. ఇది మన ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

రాజ్‌కుమార్ శుక్లా అనే రైతు వెంటపడి మరీ గాంధీని అక్కడికి రప్పించాడు. జిల్లా విడిచి పొమ్మని 144 కింద నోటీసు ఇచ్చారు. పోనన్నందుకు 188 కింద కేసు. ఏప్రిల్ 18న విచారణ. ప్రభుత్వ వకీలు వాయిదా అడుగుతుంటే, వాయిదా ఎందుకు, ఉత్తర్వు ధిక్కరించిన మాట నిజమే అన్నాడాయన. మేజిస్ట్రేటుకు పాలుపోక తీర్పు వాయిదా వేశాడు. ఆ తీర్పు రాకముందే సర్కారు కేసు ఎత్తేసింది.

ఈ ఘట్టానికి పది నిమిషాలు చాలు. మేజిస్ట్రేటును వెకిలిగా చూపొద్దు. గాంధీ చేత కేకలు పెట్టించొద్దు. (మైకు పగిలేలా అరవకపోతే నాటకం కాదనుకుంటారు మనవాళ్లు.)

అసలు నాటకం తర్వాతది. వకీళ్లు కూర్చుని వేలాది రైతుల వాంగ్మూలాలు రాసుకున్నారు. ఒక్కొక్కరికీ ఎదురు ప్రశ్నలు వేసి, నిలబడని మాట తీసేశారు. సీఐడీ మనిషి పక్కనే ఉండి వింటున్నాడు! ఆ సాక్ష్యాల బలం ముందు విచారణ కమిటీ దిగిరాక తప్పలేదు. గుంజిన రొక్కంలో 25 శాతం వెనక్కి ఇప్పించారు. 1918 చట్టంతో తీన్‌కఠియా రద్దయింది. కాబట్టి సగం నాటకం ఈ వాంగ్మూలాలకే ఇవ్వాలి.

మనలో చాలామంది మీద ధర్నా కేసులున్నాయి. నాటి 188 ఇప్పుడు న్యాయ సంహితలో 223 అయింది. వాయిదాకు పోయే రైతు, దొంగతనం చేసినవాడిలా తల దించుకుని, ఇంట్లో పిల్లలకు కూడా చెప్పకుండా పోతున్నాడు. ఈ నాటకం ఆ పిల్లల ముందు ఆడాలి. ఇది చూసి రేపు కోర్టులో నేరం ఒప్పేసుకోమని కాదు, అది ఎవరి వకీలుతో వాళ్లు మాట్లాడుకోవాల్సిన సంగతి.

'మా భూమి' ఆడిన నేల మనది. తెరలూ లైట్లూ లేకపోయినా ఫర్వాలేదు. చూడవచ్చిన జనమే కోర్టు బయట గుమిగూడిన చంపారన్ రైతులు. ఆ రోజు జనాన్ని సర్దడంలో అధికారులకు గాంధీయే సాయపడ్డాడు. మన నాటకం అక్కడ మొదలుపెడదాం.

వచ్చే తరగతికి ఒక్కొక్కరూ మీ ఊళ్లో ఒక కౌలు రైతు దగ్గర కూర్చుని, కౌలెంత, అప్పెంత, పంట ఎంతకు అమ్మాడు, అన్నీ రాసుకురండి. ఎదురు ప్రశ్నలు వేసి మరీ రాయండి. రసీదుంటే అదీ చూడండి.