పుస్తకం పక్కన పెట్టి కట్టండి: ప్లాస్టిక్ ఇటుకలతో సొంత మోడల్

ఈ ఎపిసోడ్‌లో ప్లాస్టిక్ ఇటుకల గురించి, అదే మనందరం లెగో అని పిలుచుకునే ఆ ఆట ఇటుకల గురించి మాట్లాడుకుందాం. కొత్త సెట్ ఏది వచ్చింది, ఎంత పెడితే వస్తుంది, ఆ వివరాలు చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. నేను చెప్పేది డబ్బాలో వచ్చిన పుస్తకం పక్కన పెట్టేసి, మనంతట మనం ఆలోచించి కట్టే మోడళ్ల సంగతి. ఈ సరదా ఉన్నవాళ్లు దీన్ని ‘మాక్’ అంటారు. ‘మై ఓన్ క్రియేషన్’ అన్న మూడు మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్న పేరు. నేను సొంతంగా చేసింది అని అర్థం.

ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానంటే, ఇప్పుడు మన ఇళ్లలోకి ఈ సెట్లు బాగానే వస్తున్నాయి. పుట్టినరోజుకి ఒకటి, అమెరికా నుంచి వచ్చిన చిన్నాన్న సూట్‌కేసులోంచి ఒకటి. పిల్లలు రెండు రోజులు కూర్చుని కట్టేస్తారు. మూడో రోజు నుంచి అది షోకేసులో ఉంటుంది. ‘ముట్టుకోకు, ఊడిపోతుంది’ అని మనమే అంటాం. ఊడిపోవడానికే పుట్టిన ఇటుక అది! ఒకసారి మా మేనల్లుడికి ఒక సంచీ నిండా విడి ఇటుకలు ఇచ్చాను. వాడు సంచీ అంతా కింద పోసి, రెండు నిమిషాలు వెతికి, ‘మావయ్యా, పుస్తకం ఏది?’ అన్నాడు. వాడేం చేస్తాడు పాపం, పుస్తకం ఉంటేనే ఆట అని మనం అలవాటు చేశాం.

పుస్తకం చూసి కట్టడం చెడ్డదని నేను అనను. ముక్కలు ఎలా పట్టుకుంటాయో చేతికి తెలుస్తుంది. కానీ సొంతంగా కట్టడం మొదలుపెట్టిన రోజు నుంచి కంటికి పని పడుతుంది. రోజూ చూసే వస్తువు అలా ఎందుకుందో మొదటిసారి అడుగుతాం. ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఇదే. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. దానికి ముందు కొన్ని కొలతలు తెలియాలి.

లెగో డెన్మార్క్ కంపెనీ. ఇప్పుడు మనం చూస్తున్న ఇటుక, అంటే పైన బొడిపెలు, లోపల గొట్టాలు ఉన్న ఇటుకకి పేటెంటు దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. అప్పటి ఇటుక దొరికితే ఈ ఏడాది కొన్న ఇటుకకి తగిలించి చూడండి, పడుతుంది. కొలతలు మార్చలేదు. ఒక బొడిపె మధ్య నుంచి పక్క బొడిపె మధ్యకి 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు బొడిపె కాకుండా 9.6 మిల్లీమీటర్లు. ప్లేట్ అని పల్చటి ముక్క ఉంటుంది, దాని ఎత్తు 3.2. అంటే మూడు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే ఒక ఇటుక.

ఇక్కడ ఒక చిన్న లెక్క. అయిదు ప్లేట్లు పేరిస్తే అయిదు ఇంటూ 3.2, మొత్తం 16 మిల్లీమీటర్లు. రెండు బొడిపెల వెడల్పు కూడా 16 మిల్లీమీటర్లే! కాబట్టి అయిదు ప్లేట్ల దొంతరని పక్కకి పడుకోబెడితే రెండు బొడిపెల జాగాలో అచ్చంగా సరిపోతుంది. సొంత మోడళ్లు కట్టేవాళ్ల విద్యలో సగం ఈ లెక్కలోనే ఉంది. బొడిపెలు ఎప్పుడూ పైకే ఉండాలని లేదు, పక్కకి తిప్పొచ్చు, కిందికీ తిప్పొచ్చు. నున్నటి గోడ, సన్నటి గీత, అద్దం చట్రం ఇలా తిప్పి కడితేనే వస్తాయి.

ఇంకో అంకె చెప్తాను. రెండు వరుసల్లో నాలుగేసి బొడిపెలున్న మామూలు ఇటుకలు, ఒకే రంగువి, ఆరు తీసుకోండి. వాటిని ఎన్ని రకాలుగా కలపొచ్చు? కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో గణిత శాస్త్రవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటర్ మీద లెక్క కట్టారు. 91,51,03,765 రకాలు. తొంభై ఒక్క కోట్ల పైచిలుకు. ఆరు ఇటుకలకే! అందుకని ‘మా దగ్గర ముక్కలు తక్కువండీ’ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సరే, ఉదాహరణకి వద్దాం. రాజమండ్రిలో గోదావరి మీద కమానుల రైలు వంతెన ఉంది కదా, 1990లలో కట్టింది. పాత హేవలాక్ వంతెనకి వయసు మీరాక దానికి బదులుగా కట్టారు. దాని బొమ్మ చూడని తెలుగువాడు ఉండడు. మొత్తం 28 కమానులు, ఒక్కొక్కటి దాదాపు 97 మీటర్లు. ఇది ఇటుకలతో కట్టాలి. పుస్తకం లేదు. ఎక్కడ మొదలుపెడతాం?

మొదట స్కేలు. 600వ వంతుకి కుదిద్దాం. 97 మీటర్లు 16 సెంటీమీటర్లు అవుతుంది, అంటే 20 బొడిపెలు. బల్ల మీద హాయిగా పడుతుంది. 28 కమానులూ కడితే నాలుగున్నర మీటర్లు, హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. కాబట్టి ఒక్క కమానే కడదాం.

ఇప్పుడు రైలు. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. 600వ వంతు చేస్తే 3 మిల్లీమీటర్లు కూడా రాదు. ఒక బొడిపె వెడల్పు 8. అంటే పట్టాలు విడిగా కట్టడం కుదరదు. మరి ఏం చేయాలి? గ్రిల్ టైల్ అని సన్నటి గాడులున్న ముక్క ఒకటి ఉంటుంది. అది వరసగా పేరిస్తే దూరం నుంచి కంటికి పట్టాలే అనిపిస్తుంది. రైలు పెట్టె ఒక బొడిపె వెడల్పు, నాలుగైదు బొడిపెల పొడవు. దానికి కిటికీలు పెట్టలేం. నీలం రంగు వేస్తే చాలు, చూసినవాళ్లు కిటికీలు వాళ్లే ఊహించుకుంటారు. ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్న తీర్మానం ఇక్కడ మనది. పుస్తకం చూసి కట్టినప్పుడు ఈ తీర్మానం ఇంకెవరో మన బదులు చేసేసి ఉంటారు.

తర్వాత వంతెన బల్ల, అంటే రైలు నడిచే అడుగు భాగం. రెండు బొడిపెల వెడల్పున 20 బొడిపెల పొడవు ముక్క ఒక్కటిగా దొరకదు. రెండు మూడు ప్లేట్లు అతకాలి. మీరు ఇల్లు కట్టించి ఉంటే మేస్త్రీ ఏం చేస్తాడో చూసే ఉంటారు. అతుకు మీద అతుకు పడనివ్వడు. ఇక్కడా అంతే. కింది వరసలో అతుకు ఉన్నచోట పై వరసలో ముక్క మధ్యభాగం రావాలి. లేకపోతే పైకెత్తగానే బల్ల మధ్యలో విరుగుతుంది.

ఇక అసలైనది, కమాను. చదరపు ఇటుకలతో వంపు ఎలా? మెట్లు మెట్లుగా పేర్చొచ్చు, కానీ ముతగ్గా ఉంటుంది. ఇంకో దారి ఉంది. ఈ ఇటుకల్లోనే వంగే సన్నటి గొట్టం ముక్కలు దొరుకుతాయి, 3 మిల్లీమీటర్ల మందానివి. బల్ల కన్నా పదో వంతు పొడుగున్న గొట్టం తీసుకుని, రెండు కొసలనీ బల్ల రెండు చివర్లలో క్లిప్పులకి పట్టించండి. గొట్టం తనంతట తనే పైకి వంగి కమాను అవుతుంది.

ఇప్పుడు వేలితో బల్ల చివర పట్టుకుని చూడండి. గొట్టం తిన్నగా అవ్వాలని రెండు కొసలనీ బయటికి తోస్తూ ఉంటుంది. బల్ల ఆ రెండింటినీ లోపలికి పట్టి ఉంచుతుంది. అతుకులు సరిగ్గా లేకపోతే బల్ల నిలువునా లాగుడికి ఊడొస్తుంది. విల్లు, నారి గుర్తుకొచ్చాయా? గొట్టం విల్లు, బల్ల నారి. గోదావరి మీద ఉన్న వంతెనని ఇంజనీర్లు ‘బౌస్ట్రింగ్’ గర్డర్ అంటారు. ఆ మాటకి విల్లునారి అనే అర్థం. అక్కడ కమాను కాంక్రీటుది, దాని తోపుడు రైలు బరువు వల్ల, సొంత బరువు వల్ల వస్తుంది. కారణం వేరైనా పని ఒకటే. కమాను పక్కలకి తోస్తుంది, అడుగు బల్ల లాగి పట్టుకుంటుంది. అందువల్ల నదిలో నిలబడ్డ స్తంభాల మీద పక్కలకి నెట్టే భారం పెద్దగా పడదు. అవి ముఖ్యంగా బరువు మోస్తే చాలు.

నేను ఇంజనీర్ని కానండీ. ఆ వంతెన మీద ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు, కమాను అందం కోసం పెట్టారనే అనుకునేవాణ్ని. పదహారు సెంటీమీటర్ల ప్లాస్టిక్ ముక్క చేతిలో పట్టుకున్నాక అది ఎందుకుందో వేలికి తెలిసింది. పిల్లలకి ఇది నేర్పించాలంటే పాఠం చెప్పక్కర్లేదు. బల్ల ఊడిపోనివ్వండి. ‘ఎందుకు ఊడింది?’ అని వాళ్లే అడుగుతారు.

కట్టింది దాచుకోవాలంటే? విప్పితే పోతుంది కదా అని భయం. దీనికి కంప్యూటర్ ఉంది. 1995లో ఆస్ట్రేలియాకి చెందిన జేమ్స్ జెస్సిమన్ అనే అభిమాని ‘ఎల్‌డ్రా’ అనే ప్రోగ్రామ్ తయారుచేసి ఉచితంగా ఇచ్చాడు. తెర మీద ఇటుకలతో మోడల్ కట్టే ప్రోగ్రామ్. రెండేళ్లకే, చిన్న వయసులో చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన ముక్కల బొమ్మల భాండాగారాన్ని మిగతా అభిమానులు జీతం భత్యం లేకుండా ఇప్పటికీ పెంచుతున్నారు. ఇప్పుడు కొత్తవాళ్లు ఎక్కువగా ‘స్టూడియో’ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడతారు. అందులో కట్టి, అడుగడుగునా ఎలా కట్టాలో పుస్తకం కూడా తయారుచేయొచ్చు. ఒకసారి పుస్తకం పక్కన పెట్టినవాడు చివరికి పుస్తకం రాసేవాడు అవుతాడన్నమాట.

అలా రాసినవాళ్లకి గౌరవం దక్కిన సందర్భాలున్నాయి. ‘లెగో ఐడియాస్’ అని ఆ కంపెనీదే ఒక పథకం ఉంది. మీ సొంత మోడల్‌కి 10,000 మంది మద్దతు వస్తే కంపెనీ పరిశీలిస్తుంది. సెట్‌గా తెస్తే నికర అమ్మకాల మీద 1 శాతం మీకు ఇస్తుంది. చంద్రుడి మీదికి మనుషుల్ని తీసుకెళ్లిన శాటర్న్ 5 రాకెట్ సెట్ 2017లో ఇలాగే వచ్చింది. మొదటి ఊహ ఇద్దరు అభిమానులది. ముక్కల సంఖ్య 1,969, మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన ఏడాది!

దీనికి రెండోవైపు కూడా ఉంది. ఎవరో అభిమాని నెలల తరబడి కూర్చుని చేసిన మోడల్‌ని అడక్కుండా తీసుకుని, ముక్కలు డబ్బాలో పోసి అమ్మేసేవాళ్లు ఉన్నారు. వేరే కంపెనీ ఇటుకలు కొనడం తప్పని నేను అనట్లేదు. మూల ఇటుక పేటెంటు కాలం ఎప్పుడో తీరిపోయింది. 2005లో కెనడా సుప్రీంకోర్టు, 2010లో యూరప్ న్యాయస్థానం, ఇటుక ఆకారాన్ని ట్రేడ్‌మార్కు పేరుతో ఒక్క కంపెనీ ఎప్పటికీ అట్టిపెట్టుకోకూడదని తేల్చాయి. కాబట్టి ఇటుక ఎవరైనా చేయొచ్చు. కానీ ఆ ఇటుకలతో ఒకాయన కట్టిన ఊహ ఆయనది. కొనేముందు డబ్బా మీద రూపకర్త పేరు ఉందా లేదా చూడండి. ఇంకొకరి ప్లాను చూసి కట్టినప్పుడు వాళ్ల పేరు చెప్పండి. పిల్లలకి ఇది చిన్నప్పుడే అలవాటు కావాలి.

ఇక ఖర్చు మాట. నిజమే, మన జేబుకి ఈ ఇటుకలు ఖరీదైనవే. అందుకే నా సలహా, కొత్త సెట్ కొనకండి. షోకేసులో ఉన్నది కిందికి దింపండి. పుస్తకం దాచండి, పారేయొద్దు, కావాలంటే మళ్లీ అదే కట్టుకోవచ్చు. ముక్కల్ని రంగుని బట్టి కాకుండా ఆకారాన్ని బట్టి వేరు చేయండి. ఎర్ర కుప్పలో చిన్న ఎర్ర ముక్క దొరకదు, అదే చిన్న ముక్కల డబ్బాలో ఎర్రది టక్కున కనిపిస్తుంది. స్టీలు డబ్బాలు, పాత మిఠాయి పెట్టెలు చాలు. తర్వాత ఇంట్లో ఒక వస్తువు ఎంచుకోండి. కుర్చీ, ఫ్యాను, తులసికోట, ఆటో, ఏదైనా సరే. యాభై ముక్కలకి మించొద్దు. కట్టేముందు దాన్ని అయిదు నిమిషాలు ఊరికే చూడండి. తులసికోట నాలుగు పక్కలా ఒకేలా ఉందా? ఆటో ముందు చక్రం ఎక్కడుంది? రోజూ చూసేవే, జవాబు చెప్పడానికి ఒకసారి లేచి వెళ్లాల్సి వస్తుంది. అలా లేచి వెళ్లారంటే ఆట మొదలైనట్టే.

మీరు పక్కన కూర్చోండి, కానీ చెయ్యి పెట్టకండి. ‘అలా కాదు, ఇలా’ అన్న మాట నాలిక చివరికి వస్తుంది, మింగేయండి. ఆటో ఆటోలా లేకపోయినా ఫరవాలేదు. ఇది ఎక్కడ నిన్ను ఇబ్బంది పెట్టిందమ్మా అని అడగండి. ఆ జవాబు వినడం నాకు చాలా ఇష్టం, మీకూ నచ్చుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో బొడిపెలు పక్కకి తిప్పి నున్నటి గోడ కట్టడం చేసి చూపిస్తాను. ఆలోగా ఆ యాభై ముక్కల బొమ్మ కట్టి ఉంచండి. ఉంటానండీ, నమస్కారం.