గొలుసు పడిన గడ్డి నేల

1869 అక్టోబరు 11న, ఇప్పటి విన్నిపెగ్‌కు దగ్గరలో, రెడ్ నది ఒడ్డున ఒక రైతు గడ్డిబీడులోకి కెనడా సర్వేయర్లు కొలత గొలుసు లాక్కుంటూ వచ్చారు. ఆ రైతు మేటీ. ఫ్రెంచి వర్తకుల, ఆదివాసి స్త్రీల సంతానంగా ఎదిగిన జాతి అది. కబురందగానే ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. వారితో వచ్చిన మేటీ యువకుడు లూయీ రియెల్‌కు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. గొలుసు మీద కాలు మోపి, ఇక ముందుకు పోవడానికి వీల్లేదన్నాడు. సర్వేయర్లు వెనుదిరిగారు.

ఆ రోజుకు ఆ భూమి కెనడాది కాదు. దాన్ని హడ్సన్స్ బే అనే వర్తక కంపెనీ 3 లక్షల పౌండ్లకు కెనడాకు వదులుకునే బేరం మాత్రం కుదిరింది. అప్పగింత 1870లో గానీ జరగలేదు. అక్కడ కాపురం ఉంటున్నవాళ్లను అడిగినవారు లేరు.

కెనడా పశ్చిమాన ప్రెయిరీలనే గడ్డిమైదానాల తొలి కాపురాల గురించి రాసేవారు చాలామంది రైలు దిగిన వలస రైతుతో మొదలుపెడతారు. ఈ గొలుసుతో మొదలుపెట్టడమే న్యాయం. ఎందుకంటే తరవాతి కథ నడిచినదంతా అది గీసిన గీతల మీదే. మేటీల కమతాలు నదిని ఆనుకుని సన్నగా, రెండు మైళ్ల దాకా వెనక్కి సాగేవి. ప్రతి ఇంటికీ నీళ్లు, కలప, సాగు నేల, ఆ వెనక పశువులకు గడ్డి దక్కేవి. ప్రభుత్వ సర్వే అంతా చదరాలే. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, సెక్షనుకు 640 ఎకరాలు. నది ఎటు వంగినా గీత తిన్నగానే పోయేది.

1872 నాటి కెనడా భూచట్టం కొత్తగా వచ్చే రైతుకు ఆ సెక్షన్‌లో పావు వంతు, అంటే 160 ఎకరాలు, 10 డాలర్ల రుసుముకు ఇచ్చింది. మూడేళ్లు ఉండి, ఇల్లు కట్టి, బీడు విరగదున్ని సాగు చేస్తే పట్టా.

మరి అంతకుముందు ఉన్నవారికి ఏమిచ్చారు? 1876లో క్రీ జాతితో చేసుకున్న ఆరో ఒప్పందం ప్రకారం అయిదుగురి కుటుంబానికి ఒక చదరపు మైలు. అంటే మనిషికి 128 ఎకరాలు. అదీ ప్రభుత్వ అజమాయిషీ కింద ఉండే రిజర్వులో. ఆ ఏడాదే వచ్చిన ఇండియన్ చట్టం, ప్రెయిరీలో ఆదివాసులు 160 ఎకరాల పథకానికి అర్హులు కారని తేల్చేసింది. సముద్రం దాటి ఒంటరిగా దిగిన కుర్రవాడికి దక్కే భూమి, తరతరాలుగా అక్కడే తిరిగిన మనిషికి దక్కలేదు.

అడవిదున్నల మందలు 1880 నాటికి కెనడా మైదానాల్లో దాదాపు కనుమరుగయ్యాయి. తిండి పోయింది. సైప్రస్ హిల్స్ దగ్గర చేరిన ఆకలిగొన్న జనాన్ని అక్కడి నుంచి కదిలించడానికి అధికారులు రేషన్లు బిగబట్టారు. ఆరో ఒప్పందంపై ఆరేళ్లు సంతకానికి లొంగని క్రీ నాయకుడు బిగ్ బేర్ 1882 డిసెంబరులో సంతకం చేశాడు. చేయించింది అనుచరుల ఆకలి.

వలస రైతుల కష్టం చిన్నదని దీని అర్థం కాదు. చెట్టు లేని చోట వాళ్లు నేలనే కోసి ఇల్లు కట్టుకున్నారు. నాగలితో అడుగు వెడల్పున పచ్చిక పట్టీలు లేపి, ముక్కలు చేసి, గడ్డివైపు కిందికి పెట్టి గోడలు పేర్చారు. కప్పు మీదా అదే మన్ను. బయట వాన వెలిసినా లోపల చినుకులు ఆగేవి కావు. పొయ్యి మీది గిన్నెలో మట్టి పడకుండా పైన గుడ్డ కట్టుకునేవారు. 1899లో రష్యా నుంచి వచ్చిన డుఖోబార్ మతశాఖవారి ఊళ్లలో, మగవాళ్లు కూలికి పోతే ఆడవాళ్లే నాగలికి కట్టుకుని లాగారు. ఇంత చేసినా, కుటుంబ భారం ఒంటరిగా మోసే వితంతువుల వంటివారికి తప్ప స్త్రీకి ఆ 160 ఎకరాల పథకంలో హక్కు లేదు.

మంచు పడేలోగా పంట చేతికి రావడమే అక్కడ పెద్ద గండం. ధాన్య పరిశోధకుడు చార్లెస్ సాండర్స్ గింజల్ని నమిలి, జిగురు చూసి ఎంపిక చేసిన మార్క్విస్ గోధుమ అంతకుముందరి రెడ్ ఫైఫ్ కన్నా వారం, పది రోజులు ముందే పండేది. దాని తల్లిదండ్రుల్లో ఒకటి భారతదేశం నుంచి వెళ్లిన హార్డ్ రెడ్ కలకత్తా.

రిజర్వుల్లోని రైతులు కూడా 1880లలో డబ్బు కూడబెట్టి కోత యంత్రాలు కొన్నారు. తమ ధాన్యానికి పోటీ అని పొరుగు తెల్లవారు గొడవ పెట్టారు. 1889లో ఆదివాసి వ్యవహారాల కమిషనర్ హేటర్ రీడ్ కొత్త పద్ధతి పెట్టాడు: కొడవలితో కోయాలి, చేతితో నూర్చాలి, చిన్న భూమి చెక్క చాలు. ధాన్యం అమ్మాలంటే పర్మిట్. ఆదివాసులకు సేద్యం చేతకాదన్న మాట ఈ ఆంక్షల మీద పుట్టిన అబద్ధం. చరిత్రకారిణి సారా కార్టర్ 1990లో వెలువరించిన లాస్ట్ హార్వెస్ట్స్ అనే పుస్తకం దీన్ని ప్రభుత్వ కాగితాలతోనే నిరూపించింది.

నేడు సస్కటూన్‌లో అనేక సభలు, ఇది ఆరో ఒప్పందపు నేల, మేటీల స్వస్థలం అన్న ప్రకటనతో మొదలవుతాయి. అక్కడికి చదువుకో, ఉద్యోగానికో వెళ్లే తెలుగు యువతీయువకులు ఆ మాటను లాంఛనంగా విని వదిలేయకుండా, కార్టర్ పుస్తకాన్ని గ్రంథాలయంలో అడిగి తీసుకుని చదవాలి.