తాటాకు మీది పద్యం, నోటి మీది పద్యం

కవిత్వం అనగానే ఇప్పుడు మనకు అచ్చుపుస్తకం గుర్తొస్తుంది. పద్యానికి అసలు చోటు కాగితమేననీ, దాన్ని గొంతెత్తి చదవడం, పాడడం తరవాత చేరిన అలంకారాలనీ చదువుకున్నవాళ్లలో చాలామంది నమ్మకం. తెలుగు పద్యం నడిచివచ్చిన దారి చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. శతాబ్దాల పాటు రాత గొంతుకు ఆసరాగా నిలిచింది, అంతేగాని గొంతు చేసే పని తాను చేయలేదు.

తాళపత్ర గ్రంథాన్నే చూడండి. గంటంతో గీసిన అక్షరాలు మసి పూస్తేగాని సరిగా కనబడవు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. పాదం ముగిసిందని కొత్త వరుస ఎత్తుకోరు, ఆకు చివరిదాకా రాత సాగిపోతూనే ఉంటుంది. ఉత్పలమాల పాదం ఎక్కడ విరిగిందో ఉత్త చూపుకు అందదు. పైకి చదివితే మాత్రం రెండో అక్షరం దగ్గర ప్రాస తగులుతుంది, యతిస్థానం పలుకుతుంది, గణాల నడక పట్టుబడుతుంది. పద్యాన్ని నాలుగు వరుసలుగా విడగొట్టి కంటికి చూపడం అచ్చు వచ్చాక స్థిరపడిన పద్ధతి. అంతకుముందు రాసినవాడు చదివేవాడి చెవిని నమ్ముకునే రాశాడు. అక్షరం రానివాళ్ల దగ్గరికి భారత భాగవతాలు చేరింది కూడా, ఒకరు పద్యం చదవగా ఇంకొకరు అర్థం చెప్పే పురాణ కాలక్షేపం ద్వారానే.

గొంతునే నమ్ముకుంటే చివరికి మిగిలేదేమిటని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. 1503లో కన్నుమూసిన అన్నమయ్య సంకీర్తనలు వేల సంఖ్యలో మనకు దక్కాయంటే తాళ్లపాకవారు వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల సంకీర్తన భాండారంలో దాచినందువల్లనే. ఆ మేలు కాదనలేం. అయితే ఆ రేకుల మీద ఏముంది? సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. పాడే పరంపర చాలావరకు తెగిపోయాక రేకులు తిరిగి ఇవ్వగలిగింది మాటలనే. వాటిని పాటలుగా నిలబెట్టడానికి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి సంగీతజ్ఞులు కొత్తగా స్వరాలు కట్టవలసి వచ్చింది. ఈనాడు మనం వింటున్న బాణీల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దానివే. వేమనది దీనికి ఎదురుకథ. ఆయన పద్యాలను సి.పి. బ్రౌన్ 1829లో అచ్చువేయించే నాటికి ఒకే పద్యం పలు పాఠాలతో తిరుగుతోంది. వేమన స్వయంగా అన్న మాట ఏదో ఇక తేల్చలేం. నష్టమే, నిజమైన నష్టమే. కానీ పద్యం మాత్రం ఒక్కనాడూ మూగపోలేదు.

ప్రదర్శన అర్థాన్ని మింగేస్తుందన్నది ఇంకో ఆక్షేపణ. పద్యనాటకాల్లో నాలుగు పాదాల పద్యానికి నిమిషాల తరబడి రాగం తీయడం, వన్స్‌మోర్ కొట్టించుకోవడం అందరికీ తెలిసినవే. అతి జరిగింది, కాదనను. అయినా తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు బడి ముఖం చూడనివాళ్లకు కూడా కంఠస్థమయ్యాయంటే, అది ఆ రంగస్థలం చలవే. రాగం అర్థాన్ని పూర్తిగా ముంచేసి ఉంటే, పొలం గట్టున ఆ పద్యం అప్పజెప్పేవాడికి కృష్ణుడు ఎవరితో ఏమన్నాడో తెలిసేది కాదు.

కంటికే చెందిన కవిత్వం అసలు లేదని నా వాదన కాదు. నాగబంధం, చక్రబంధం వంటి చిత్రకవిత్వంలో అక్షరాలు అల్లుకున్న తీరు గీసి చూపితేనే తెలుస్తుంది. అక్కడ చెవికి పనిలేదు. కానీ ఆ బంధాలలోనూ కవి యతిప్రాసలు వదలలేదు. బొమ్మలో ఇమిడిన పద్యాన్ని కూడా పైకి చదువుతారనే ఆయన అనుకున్నాడు.